మూడో కంపెనీకి ఫిర్యాదులు లేవు

రష్యా దేశంలో జారు చక్రవర్తి సింహాసనం దిగిపోవడానికి ఎన్నో కారణాలున్నాయని చదువుకున్నవాళ్ళు చెబుతారు. ఉండే ఉంటాయి. పర్షియా కొండల్లో రోడ్డు వేస్తున్న మన పయనీరు పటాలం మూడో కంపెనీలో మాత్రం ఎవరిని అడిగినా ఒక్కటే కారణం చెప్పేవారు. క్యాబేజీ చారు.

ఇది వాళ్ళు ఎవరి నోటో విన్న మాట కాదు. కళ్ళారా చూసిందే. వాగుకు అవతలి గట్టున రష్యా పటాలం ఒకటి గుడారాలు వేసుకుని ఉండేది. వాళ్ళు యుద్ధం చాలించుకుని ఇంటిదారి పట్టినవాళ్ళు. పై కనుమలో మంచు అడ్డుపడి ఆగిపోయారు. ఆగినవాళ్ళు ఊరికే ఉండలేక రోజూ మీటింగు పెట్టుకునేవారు. ఆ పటాలంలో సిపాయిలే ఒక కమిటీని ఎన్నుకున్నారు. కమిటీ చేతులెత్తి ఏది ఒప్పుకుంటే అదే హుకుం. ఒకనాటి మధ్యాహ్నం చారులో పురుగు తేలిందని మీటింగు పెట్టి, తమ కర్నల్‌ను కర్నల్ ఉద్యోగం నుంచి దింపి గుర్రాలకు గడ్డివేసే ఉద్యోగంలో పెట్టారు. ఆయన గడ్డి శుభ్రంగా వేశాడు. గుర్రాలకు ఏ అభ్యంతరమూ లేకపోయింది.

ఇవతలి గట్టు నుంచి దుర్భిణిలో ఇదంతా చూసినవాడు కెప్టెన్ విగ్మోర్ దొర. మూడో కంపెనీకి ఆయనే అధికారి. ఆ పూట దొర భోజనం సరిగా చెయ్యలేదని బట్లరు చెప్పాడు.

హవల్దారు నారాయుడికి రష్యాతోగాని జారుతోగాని పని లేదు. అతని పనల్లా ఒక గుండుతో. తుపాకి గుండు కాదు, తలగుండు. విజయనగరం దాపున గెడ్డపేట అతని ఊరు. అతను ఓడ ఎక్కాక కొడుకు పుట్టాడు. పుట్టువెంట్రుకలు సింహాద్రి అప్పన్నకు ఇస్తామని మొక్కు. తండ్రి దగ్గరుండి ఇప్పించాలని ఇంటివాళ్ళ పట్టు. తండ్రి బస్రాలో కాలవలు తవ్వి, బాగ్దాదులో వంతెనలు కట్టి, పర్షియాలో కొండలు పగలగొడుతూ ఉంటే, కొడుకు నెత్తిన వెంట్రుకలు ఎవరి హుకుమూ లేకుండా పెరుగుతూ పోయాయి. అదే ఊరి సిపాయి దాలయ్య సెలవుకు వెళ్ళి వచ్చి ఆ సంగతి చెప్పాడు.

"మీ ఈదిలో ఓ పిల్ల రెండు జెడలేసుకుని గోలీలాడతంది మావా. ఎవరి కూతురివమ్మా నువ్వు అనడిగాను. నీ కొడుకు నన్ను రాయెట్టి కొట్టాడు."

"తగిలిందేటి?"

"తగల్లేదు."

"జెడలడ్డొచ్చుంటాయి," అన్నాడు నారాయుడు దిగులుగా.

మంచు కరిగి లారీలు కదలగానే సెలవు మీద వెళ్ళేవాళ్ళలో ఈసారి మొదటి వంతు నారాయుడిదే. అప్పన్నకు రోజూ ఉదయం వాగు ఒడ్డున నిలబడి దండం పెట్టి, పైనున్న మంచు కేసి చూసి, పనిలోకి వెళ్ళేవాడు. మంచి మనిషి. పెద్దగా చదువుకోలేదు. చిన్నప్పుడు తల్లి నేర్పిన నియమం ఒకటి తప్పకుండా పాటించేవాడు. అన్నం పరబ్రహ్మ స్వరూపం, దానికి వంక పెట్టకూడదు. కూరలో ఉప్పు తక్కువైతే, "ఇయాల నా నాలిక బాగోనేదు," అనేవాడు. అన్నం మాడితే, "పొయ్యికి కోపమొచ్చినట్టుంది," అనేవాడు. కంపెనీ వంటవాడు గవరయ్యకు నారాయుడంటే ప్రాణం. తక్కిన కంపెనీ అంతా కలిసి తిట్టినదాన్ని అతనొక్కడి మౌనంతో కడిగేసుకునేవాడు.

పటాలంలో ఒక పాత ఆచారం ఉంది. మధ్యాహ్నం సిపాయిలు పళ్ళేలు పట్టుకుని వరసగా కూర్చోగానే ఆ పూట డ్యూటీలో ఉన్న దొర వస్తాడు. "కోయీ షికాయత్?" అని అడుగుతాడు. ఏమైనా ఫిర్యాదు ఉందా అని దానర్థం. "లేదు హుజూర్!" అని అందరూ అరుస్తారు. దొర వెళ్ళిపోతాడు. ఆ ప్రశ్నకు ఆ జవాబు పటాలం పుట్టిననాడే నిశ్చయమైపోయింది. పూర్వం ఒక సిపాయి, పప్పులో రాయి ఉంది హుజూర్ అన్నాడట. విచారణ జరిగింది. పప్పు సర్కారుది, రాయి సిపాయిది అని తేలింది. అతనిచేత వారంపాటు రాళ్ళు కొట్టించారు. అప్పటి నుంచి పప్పులో రాళ్ళు వస్తూనే ఉన్నాయి, ఫిర్యాదులు మాత్రం రాలేదు.

రష్యా కర్నల్ గడ్డివేయడం మొదలుపెట్టిన కొద్దిరోజులకు బాగ్దాదులోని పెద్ద కచేరీ నుంచి ఒక హుకుం దిగింది. సుబేదారు చెంగల్రాయుడు దాన్ని పరేడులో చదివాడు. ఆయన మాటలు మామూలుగా కూడా తోలుబెల్టు బిగించుకునే వస్తాయి. సర్కారు కాగితం చేతిలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

"సర్కారువారు లోతుగా విచారించి కనుగొన్నది ఏమనగా! రష్యా సిపాయికి ఫిర్యాదు చేసుకొను అవకాశం లేకపోవుటచేత అతడు తిరుగుబాటు చేసెను. కావున ఇకమీదట మన సైన్యమందు ప్రతి కంపెనీయును ఫిర్యాదు చేసి తీరవలెను. ఫిర్యాదు లేని కంపెనీ, ఫిర్యాదును దాచుకొన్న కంపెనీగా ఎంచబడును. దాచుకొన్న ఫిర్యాదు దాచుకొన్న తుపాకిమందుతో సమానము!"

సిపాయిలకు ఇందులో చివరి మాట తప్ప ఏమీ ఎక్కలేదు. తుపాకిమందు దాచినవాణ్ణి ఏం చేస్తారో వాళ్ళకు తెలుసు.

ఆ మధ్యాహ్నం కెప్టెన్ విగ్మోరే స్వయంగా వచ్చాడు. మొహాన చిరునవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "కోయీ షికాయత్?"

"లేదు హుజూర్!"

దొర ముఖం పాలిపోయింది. ఇంకొంచెం మెత్తగా అడిగాడు. దొర అంత మెత్తగా అడిగితే ప్రమాదం పెద్దదని గ్రహించి కంపెనీ ఇంకొంచెం గట్టిగా అరిచింది. మూడోసారి దొర దాదాపు బతిమాలాడు. మూడోసారి "లేదు హుజూర్" అన్న కేకకు వాగు అవతల రష్యావాళ్ళ గుర్రాలు బెదిరాయి. పాపం ఆ కర్నలే వాటిని పట్టుకొచ్చి కట్టేశాడు.

కెప్టెన్ పైకి రాసిపంపాడు: మూడో కంపెనీవాళ్ళు ముమ్మారు అడిగినా ఒక్క గొంతుతో, ముందే కూడబలుక్కున్నట్టుగా, ఫిర్యాదు లేదన్నారు, పరిస్థితి తీవ్రంగా ఉంది. పై నుంచి తిరుగు టపాలోనే జవాబు వచ్చింది. కంపెనీ నోరు విప్పేవరకు అందరి సెలవులూ బందు.

నారాయుడు ఆ రోజు మంచు కేసి చూడలేదు.

"ఇప్పుడేటి చెయ్యాలి మావా?" అన్నాడు దాలయ్య.

"ఏదో ఒహటి చెప్పండర్రా. ఉన్నదే చెప్పండి. బూట్లు చిరిగిపోనేదేటి?"

మొదట ఎవరికీ ధైర్యం చాలలేదు. పప్పులో రాయి కథ అందరికీ నోటికొచ్చు. చివరికి దాలయ్య లేచి, బూట్లలోకి నీళ్ళొస్తున్నాయి హుజూర్ అన్నాడు. కెప్టెన్ అతని భుజం తట్టి సిగరెట్టు ఇచ్చాడు. అంతే. గట్టు తెగింది. దుప్పటి పొట్టి, గుడారం చిల్లి, పార పిడి వదులు, గాలి చల్లన, కొండ ఎత్తు. ఒకడైతే ఇక్కడ కోకిలలు లేవన్నాడు. దొర సంబరంగా అన్నీ రాసుకుని పంపాడు. పెద్ద కచేరీ అన్నిటినీ తిప్పికొట్టింది.

"బూట్లవల్ల ఇంతవరకు ఏ సామ్రాజ్యమును కూలలేదు," అని చదివాడు చెంగల్రాయుడు. "రష్యాలో తిరుగుబాటు ఆహారమువల్ల వచ్చినది. కనుక ఆహారమును గూర్చిన ఫిర్యాదే ఫిర్యాదు. మిగిలినవి సొద."

దాంతో కంపెనీ అన్నం మీద పడింది. అయితే అరవైమంది ఒకేసారి మాట్లాడితే అది ఫిర్యాదులా కాక సంతలా ఉందని చెంగల్రాయుడికి తోచింది. సైన్యంలో ఏదైనా సరే డ్రిల్లుగా మారితేగాని ఆయనకు నిద్రపట్టదు. మర్నాటి నుంచి రోడ్డుపని ఆపి ఫిర్యాదు పరేడు పెట్టాడు. ఒక అడుగు ముందుకు. పళ్ళెం ఎడమచేత. గడ్డం పైకి. ఫిర్యాదు. కుడివైపు తిరిగి వెనక్కు.

"ఏయ్, ఆ మూడోవాడా! ఏమా గొంతు? దుఃఖంగా చెప్పవలెను, కోపంగా చెప్పరాదు. కోపం రష్యావాళ్ళది, దుఃఖం మనది. మళ్ళీ చెప్పు!"

"పప్పు నీళ్ళలాగుంది హుజూర్..."

"కొంచెం రాజభక్తి కలుపు!"

"పప్పు నీళ్ళలాగుంది హుజూర్, చక్రవర్తిగారు చల్లగుండాల."

"శభాష్."

సిపాయిలకు ఇది రోడ్డు వెయ్యడంకన్నా హాయిగానే ఉంది. రెండు మార్లు అడిగి వడ్డించుకుని, కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి దుఃఖించేవారు. ఎటొచ్చీ గవరయ్య పరిస్థితే దీనంగా ఉంది. రోజూ అరవై నోళ్ళు వరసలో నిలబడి తన వంటను తిడుతుంటే పొయ్యి పక్కన మొహం తిప్పుకుని కూర్చునేవాడు.

"చెట్టంత మనుషులు, తిన్నది అరక్కుండానే తిడతన్నారు బావా," అని నారాయుడి దగ్గర వాపోయాడు. "నువ్వొక్కడివే ఏటీ అననేదు. నీ కడుపు సల్లగుండ."

ఆ చల్లనికడుపుకే ముప్పు వచ్చింది. మన పటాలం కర్నల్ దొర గుర్రం మీద మంచు దాటి స్వయంగా తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. మూడో కంపెనీ నిజంగా మనసు విప్పిందా, లేక నాటకమాడుతోందా అన్నది ఆయన తేల్చాలి. చిన్న సిపాయిలు ఎవరో నేర్పింది వల్లిస్తారు కనుక, కంపెనీలో అందరికన్నా పాత హవల్దారు నోటి నుంచి ఫిర్యాదు వస్తేనే నమ్ముతాడట. నమ్మితే సెలవులు వదులుతారు. లేకపోతే మంచు కరిగినా, మళ్ళీ పడినా అంతే.

అందరికన్నా పాత హవల్దారు నారాయుడు.

"నావల్ల కాదు సుబేదారుగారూ," అన్నాడు. "బూట్ల గురించి చెప్పమనండి. గుడారం గురించి చెప్పమనండి. అన్నానికి వంక పెట్టమనకండి."

"ఏమయ్యా హవల్దారూ, ఇది నీ నోటి సంగతి అనుకుంటున్నావా? నోరు నీది. అందులోని మాట సర్కారుది."

"అన్నం దేవుడిదండి."

చెంగల్రాయుడు రూల్సన్నీ మనసులో తిరగేశాడు. నోరు, సర్కారు, దేవుడు, ఈ మూడింటిలో ఎవరిది పెద్ద ర్యాంకో ఎక్కడా లేదు. "కర్నల్ దొర వచ్చేలోగా నీవును నీ దేవుడును ఒక ఒప్పందమునకు రావలెను," అని చెప్పి వెళ్ళిపోయాడు.

సంగతి తెలిసి గవరయ్య స్నేహధర్మం పాటించాడు. మర్నాడు పప్పులో దోసెడు ఉప్పు కుమ్మరించి, ఆ గిన్నె తనే తెచ్చి నారాయుడికి వడ్డించి ఎదురుగా కూర్చున్నాడు. నారాయుడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మింగాడు.

"ఎలగుంది బావా?" అన్నాడు గవరయ్య ఆశగా.

"సముద్రం గుర్తొచ్చింది."

"అంటే బాగోనేదనేగదా! అను బావా, నోరారా అను. ఆ బిడ్డకి జెడలు పిర్రల దాకా వచ్చీగల్దు!"

"మీ అమ్మయినా మా అమ్మయినా ఒకటే మాట చెప్పింది గదా గవరయ్యా."

అప్పుడు గవరయ్యకు నిజంగానే కోపం వచ్చింది. పక్కనున్న బియ్యం బస్తాలో చెయ్యిపెట్టి గుప్పెడు తీసి చూపించాడు. బియ్యం కదులుతున్నాయి.

"ఇదిగో, చూడు. ఏడాదిబట్టి ఈ పురుగుల బియ్యమే వొస్తంది. నాను ఏరుకోనేక చస్తన్నాను. నాను వొండిందానికి వంక పెట్టొద్దు, సరే. పంపినోడికి ఎందుకు పెట్టవు? పరబ్రహ్మానికి పురుగులు పట్టించినోడిని కాయడానికేనా నీ నియమం?"

నారాయుడు లేచాడు. పళ్ళెం కడుక్కునే మిషతో వాగు దగ్గరకు పోయి కూర్చున్నాడు. అమ్మ నేర్పిన మాటలో తప్పు లేదు. గవరయ్య మాటలోనూ తప్పు కనబడలేదు. ఇన్నేళ్ళూ తను నోరు మూసుకున్నది దేవుడికి నచ్చాలనా, లేక దొరకు నచ్చిందనా? అప్పన్ననే అడుగుదామంటే, ఆయన నిలువెల్లా చందనం పూసుకుని ఉంటాడు, చప్పున మాట్లాడే దేవుడు కాదు.

అవతలి గట్టున నీళ్ళు ముంచుకుంటున్న గడ్డపాయన చెయ్యి ఊపాడు. పేరు యెర్మొలాయి. రోజూ ఉదయం అతను గుండెల మీద సిలువ గుర్తు వేసుకునే వేళకే నారాయుడు దండం పెట్టుకునేవాడు కనుక ఇద్దరికీ పరిచయం. బజారు పర్షియను మాటలు పది ఇతనికీ పది అతనికీ వచ్చు. వాటిలో ఆరు ఇద్దరికీ ఉమ్మడి. భోజనానికి రమ్మన్నాడు. రష్యావాళ్ళతో కలవకూడదని కట్టడి ఉంది. కాని భోజనానికి పిలిస్తే రానని ఎలా చెప్పాలో నారాయుడికి ఆ ఆరు మాటల్లో దొరకలేదు.

వెళ్ళేసరికి మీటింగు జరుగుతోంది. పెద్ద దేగిసా చుట్టూ సిపాయిలు, మధ్యలో కళ్ళద్దాల కుర్రవాడు పెట్టె మీదెక్కి ఉపన్యాసం. చారు బాగులేదన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు కాబోలు, అడవిలా చేతులు లేచాయి. లేచిన చేతుల్లో ఖాళీ చేసిన గిన్నెలున్నాయి. యెర్మొలాయి ఒక్కడూ చెయ్యి ఎత్తలేదు. కళ్ళద్దాల కుర్రవాడు అతని కేసి చూసిన చూపు నారాయుడికి బాగా తెలిసిన చూపే. చెంగల్రాయుడికి కళ్ళద్దాలు లేవు, అంతే తేడా.

యెర్మొలాయి నవ్వి, చారు చూపించి "ఖూబ్" అన్నాడు. బాగుందని. తరవాత కుర్రవాణ్ణి చూపించి, తన మెడ మీద చెయ్యి అడ్డంగా గీసి చూపించాడు. ఇక్కడ చారు బాగుందన్నవాడు జారు మనిషట. రొట్టె తుంచుతుంటే ఒక ముక్క నేల మీద పడింది. దాన్ని తీసి దుమ్ము ఊది, ముద్దుపెట్టుకుని, ఆకాశం చూపించి "ఖోదా" అన్నాడు. నారాయుడు తల ఊపాడు. అవతల దొరలూ ఇవతల కమిటీలూ ఒకళ్ళనొకళ్ళు చంపుకునేటంత పగవాళ్ళు గాని, అన్నం బాగులేదనిపించే విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే పట్టు అని అతనికి విచిత్రంగా తోచింది.

అంతలో చేతులకు గడ్డి అంటుకుని ఉన్న పెద్దమనిషి వచ్చి వాళ్ళ పక్కనే బల్ల మీద కూర్చున్నాడు. పాత కర్నల్. ఎవరో అదే దేగిసాలోంచి అదే చారు వడ్డించారు. తిన్నాడు. పురుగు కనబడితే చెంచాతో తీసి పక్కన పెట్టాడు. వంటవాణ్ణి పిలిచి మెల్లగా ఏదో చెప్పాడు. వంటవాడు తల ఊపి క్యాబేజీ బుట్టను నీళ్ళ దగ్గరకు కడగడానికి మోసుకుపోయాడు. మీటింగు ఇంకా సాగుతూనే ఉంది.

నారాయుడు రొట్టె, ఉప్పు తిని, చెయ్యి కడుక్కుని, వాగు దాటి వచ్చాడు. అతని మనసు తేలికగా ఉంది. ఎందుకో అతనికే తెలియలేదు.

కర్నల్ దొర తనిఖీ రోజున కంపెనీ పళ్ళేలు ఇసుకతో తోమి వెండిలా చేసింది. గవరయ్య ప్రాణం పెట్టి చారు కాచాడు. తిట్టబోయేది పైవాళ్ళ ముందు కాబట్టి మరీ బాగా వండాలన్నాడు. గుంటూరు ఎండుమిరపకాయలు చివరి గుప్పెడు దాచుకున్నవి, అందులోనే పోశాడు. కర్నల్ దొర లావుపాటి మనిషి, మెడలో పతకాలు, మీసాలు రెండువైపులా తుపాకి బాయినెట్లలా ఉన్నాయి. ఆయన వెనక కెప్టెన్ విగ్మోర్, ఆ వెనక దుబాసీగా చెంగల్రాయుడు.

"కోయీ షికాయత్?"

నారాయుడు ఒక అడుగు ముందుకు వేశాడు. పళ్ళెం ఎడమచేత. గడ్డం పైకి. దాలయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఉంది హుజూర్."

కెప్టెన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉత్సాహంగా కర్నల్ కేసి చూశాడు.

"అన్నం గురించేనా?" అన్నాడు చెంగల్రాయుడు కంగారుగా.

"అన్నం గురించేనండి. నాను పటాలంలో చేరినకాడి నుంచి చూస్తన్నాను. రోజూ సరిగ్గా మేం అన్నం కాడ కూకునే ఏలకి దొరగారొకరొస్తారు. ఎలాగుందని అడుగుతారు. ఎల్లిపోతారు. ఒక్కనాడూ ఒక్క ముద్ద తిన్నేదు. మా ఇళ్ళల్లో, అన్నం ఏలకి గుమ్మంలోకొచ్చిన మనిషి తినకుండా ఎల్లిపోతే ఇంటికి అరిష్టం. ఎన్నేళ్ళ అరిష్టం పోగడిందో ఈ కంపెనీకి. బియ్యంలో పురుగులకి కూడా అదే కారణమేమో. మీరోపాలి తింటే పురుగు మీకే కనిపించును, మేం చెప్పక్కర్నేదు. నా ఫిర్యాదదే హుజూర్. కూకోండి. తినండి."

చెంగల్రాయుడు దాన్ని ముక్కముక్కగా తర్జుమా చేశాడు. ఆయన ఉద్యోగ జీవితంలో ఇలాంటి వాక్యాన్ని ఎప్పుడూ మోయలేదు. కర్నల్ దొర అంతా విన్నాడు. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. భోజనవేళ దాటిపోతోంది, చారు వాసన బ్రహ్మాండంగా వస్తోంది. దాలయ్య తెచ్చి వేసిన సబ్బుల చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. గవరయ్య అన్నంలో చారు పోసి వడ్డించాడు. దొర చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

మీసాలు రెండూ ఒక్కసారి పైకి లేచాయి. ముఖం కందగడ్డ అయింది. కన్నీళ్ళు ధారగా పతకాల మీద పడ్డాయి. దొర నీళ్ళు తాగి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ చెంచా ముంచాడు. మూడో చెంచాలో పురుగు వచ్చింది. దాన్ని వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత కెప్టెన్ కేసి చూశాడు. కెప్టెన్ బూట్ల కేసి చూసుకున్నాడు.

అంతవరకు అంతా బాగానే ఉంది. సెలవు చేతికి వచ్చినట్టే అనుకున్నాడు దాలయ్య. గిన్నె ఖాళీ అయ్యాక కర్నల్ దొర ముచ్చటగా అడిగాడు, ఇంత మంచి ఊహ నీకెలా తట్టిందని.

నారాయుడికి అబద్ధం రాదు. "నాలుగు రోజుల కిందట అవతల గట్టున చూశానండి. ఆళ్ళ కర్నల్‌గారు సిపాయిల పక్కనే కూకుని, ఆళ్ళ దేగిసాలోదే తిన్నారు. సక్కగా ఉంది సూడ్డానికి."

తర్జుమా అయ్యేసరికి సబ్బుపెట్టె ఖాళీగా ఉంది. కర్నల్ దొర నిలబడి ఉన్నాడు. ఇందాక కారానికి ఎర్రబడిన ముఖం ఇప్పుడు తెల్లబడింది. తనను కూర్చోబెట్టారు. సిపాయిల మధ్య. పెట్టె మీద. సిపాయి అన్నం తినిపించారు. రష్యావాళ్ళు తమ కర్నల్‌కు చేసింది చేసినట్టు చేశారు, గడ్డి ఒక్కటే తక్కువ. తాను పతకాలు పెట్టుకుని, గిన్నె ఖాళీ చేసి మరీ, విప్లవంలో పాల్గొన్నాడు!

ఆ మధ్యాహ్నమే గుడారంలో విచారణ. ముద్దాయి బోల్షివిక్కు అని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏం చెయ్యాలన్నదే తేలలేదు. కాల్చేద్దామంటే, ఏ నేరానికని రాయాలి? దొరగారిని భోజనానికి పిలిచినందుకా? జైల్లో పెడదామంటే జైలునిండా సిపాయిలే, వాళ్ళను కూడా చెడగొడతాడు. వేరే పటాలానికి పంపితే ఆ పటాలం పోతుంది. ఆస్పత్రికి పంపితే ఆస్పత్రి. ఒక్క సిపాయి కూడా లేని చోటు లోకంలో ఏదైనా ఉంటే అక్కడ పారెయ్యాలి. దేశపటాలు పరచి వెతికారు. చాలాసేపటికి కెప్టెన్ విగ్మోర్‌కే ఆ చోటు తట్టింది.

చెంగల్రాయుడు బయటకు వచ్చి తీర్పు చదివాడు. "ముద్దాయి నారాయుడు సైన్యమునకు అంటువ్యాధి వంటివాడు గనుక, సర్కారు ఖర్చుమీద, మొట్టమొదటి లారీలో, మొట్టమొదటి ఓడలో, కాపలా సహితంగా, తన స్వగ్రామమైన గెడ్డపేటకు బహిష్కరింపబడుచున్నాడు!"

"అంటే సెలవేనా అండీ?"

"సెలవు కాదయ్యా, శిక్ష!"

"మరి తిరిగి ఎప్పుడు రావాలండీ?"

"రానే కూడదు!" అని అరిచి, చెంగల్రాయుడు గొంతు తగ్గించాడు. "ఏడుపుముఖం పెట్టు. కర్నల్ దొర చూస్తున్నాడు."

నారాయుడు ప్రయత్నించాడు. రాలేదు. దాలయ్య అతని బదులు ఏడ్చాడు. అది అసూయతో వచ్చిన ఏడుపు కాబట్టి నిజంలాగే ఉంది.

మంచు పూర్తిగా కరగనైనా లేదు. నేరస్తుణ్ణి ఆలస్యం లేకుండా తరలించాలని, వంద మందిచేత మంచు తవ్వించి దారి చేశారు. లారీ బయలుదేరేసరికి మధ్యాహ్నమైంది. భోజనాల వరస పక్క నుంచే పోవాలి. డ్యూటీ దొర ఎవరో కుర్రాడు, అలవాటు కొద్దీ నోరుజారి "కోయీ షికాయత్?" అనేశాడు. అరవైమంది లేచి, ఒక అడుగు ముందుకు వేసి, అరవై పళ్ళేలు చాచి, "ఉంది హుజూర్! మీరు తిన్నేదు!" అన్నారు. ఆ కుర్రదొర పారిపోదామని చూసి, దారి లేక, చివరకు పెట్టె మీద కూర్చోవడం నారాయుడు లారీలోంచి చూశాడు. గవరయ్య గరిటె పట్టుకుని పరిగెడుతున్నాడు. అవతలి గట్టున యెర్మొలాయి టోపీ తీసి ఊపాడు.

కాపలాకు ఇద్దరు గోరా సోల్జర్లను, తెల్లవాళ్ళను, వేశారు. ముద్దాయి ప్రచారం చెయ్యకుండా తెలుగుగాని హిందుస్తానీగాని పర్షియనుగాని ఒక్క ముక్క రానివాళ్ళను ఏరి మరీ వేశారు. అతనితో మాట్లాడకూడదు, అతని మాట వినకూడదు, అతని ముఖం చూడకూడదని హుకుం. వాళ్ళు తుపాకులు పట్టుకుని చెరోవైపు చూస్తూ కూర్చున్నారు. కనుమ దాటాక నారాయుడు మూట విప్పాడు. గవరయ్య కట్టి ఇచ్చిన పులిహోర. పక్కన మనుషులుండగా ఒక్కడే ఎలా తింటాడు? మూట నడుమ పెట్టి, చేత్తో చూపించాడు. గోరాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హుకుంలో తినకూడదని ఎక్కడా లేదు.

బస్రా చేరేలోగా వాళ్ళిద్దరూ పూర్తిగా బోల్షివిక్కులైపోయారు. చేత్తో కలుపుకుని తినడం నేర్చుకున్నారు.

ముద్దాయిని ఇంటిగుమ్మం దాకా అప్పగించి రావాలన్నది హుకుం కనుక వాళ్ళు గెడ్డపేటకూ వచ్చారు, సింహాచలం కొండ కూడా ఎక్కారు. మంగలి కత్తి చూసి పిల్లవాడు పెట్టిన కేకకు ఇద్దరూ తుపాకులు సర్దుకున్నారట. గుండు బాగా కుదిరింది. నారాయుడి శిక్షను ఇంతవరకు ఏ కచేరీవాళ్ళూ రద్దు చెయ్యలేదు. అతను దాన్ని ఒక్క రోజైనా తప్పించుకోకుండా, భార్యాబిడ్డలతో, ఇంట్లోనే అనుభవిస్తున్నాడు.